సస్కాచెవాన్ నది మీద స్టీమరు



ఎప్పుడూ విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అంటూ మాట్లాడే నేను ఇవాళ ఒక పడవ కథ ఎత్తుకున్నాను. ఆ పడవ మన గోదావరిది కాదు, కృష్ణదీ కాదు. సముద్రాల కవతల కెనడా దేశంలో, పడమటి మైదానాల మధ్య పారే సస్కాచెవాన్ నది మీద నూటయాభై ఏళ్ల కింద నడిచిన స్టీమరు. పేరు నార్త్‌కోట్. ఆ నది ప్రాంతంలో కంబర్లండ్ హౌస్ అనే పాత వూరు వున్నది. అక్కడి పార్కులో తుప్పు పట్టిన బాయిలరు ఒకటి కనిపిస్తుంది. ఆ స్టీమరు తాలూకు మిగిలిందల్లా ఆ పాత ఇనుమే.

పడవ కథకు వ్యవసాయ కార్యక్రమంలో చోటేమిటి అంటారేమో. కథ సగం నడిచేసరికి నాగళ్లు వస్తాయి, పొలం కొలతలు వస్తాయి, పట్టాల తగాదా వస్తుంది. కాస్త వోపిక పట్టండి.

ముందు నది సంగతి. సస్కాచెవాన్ అంటే అక్కడి క్రీ జాతివారి భాషలో వడిగా పారే నది అని అర్థం. రాకీ పర్వతాల మంచులో పుట్టి ఉత్తరపు పాయ, దక్షిణపు పాయ అని రెండుగా మైదానంలోకి దిగుతుంది. ప్రిన్స్ ఆల్బర్ట్ అనే వూరు దాటాక రెండు పాయలూ కలిసి, ఇంకా తూర్పుకు పోయి విన్నిపెగ్ సరస్సులో పడతాయి. మన నదులకు వానల వరద. ఆ నదికి మంచు వరద. శీతకాలమంతా నీరు రాయిలా గడ్డ కట్టి వుంటుంది. ఏప్రిల్ ఆఖరుకు ఆ గడ్డ పెళపెళ విరిగి కొట్టుకుపోతుంది. జూన్, జూలై నెలల్లో పర్వతాల మీది మంచు కరిగి నిండా నీరొస్తుంది. ఆగస్టు దాటిందా, నీరు తీసి ఇసుక మేటలు తేలతాయి. నిన్న నీళ్లున్న చోట ఇవాళ ఇసుక, ఇవాళ ఇసుక వున్న చోట రేపు పాయ. గోదావరి లంకల వాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

ఆ దేశంలో వర్తకమంతా రెండు వందల ఏళ్లపాటు హడ్సన్ బే కంపెనీ చేతిలో వుండేది. 1670లో ఇంగ్లండు రాజు ఇచ్చిన సనదుతో పుట్టిన కంపెనీ అది. మన ఈస్టిండియా కంపెనీకి తమ్ముడనుకోండి. నదుల వెంట కోఠీలు పెట్టి, అక్కడి ఆదివాసులు వేటాడి తెచ్చిన బొచ్చుతోళ్లు కొని, బదులుగా కంబళ్లు, తుపాకులు, కెటిల్సు, తేయాకు ఇచ్చేవాళ్లు. కంబర్లండ్ హౌస్ అలాంటి కోఠీయే. 1774లో పెట్టారు. పడమటి లోనాడులో ఆ కంపెనీ వేసిన మొదటి మకాం.

సరకు ఎట్లా కదిలేది? నీటి మీద యార్క్ పడవల్లో, నేల మీద ఎడ్ల బళ్లలో. యార్క్ పడవ నలభై అడుగుల పొడవు వుంటుంది. ఆరు నుంచి ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, ముందొకడు దారి చూస్తాడు, వెనకొకడు చుక్కాని పడతాడు. మూడు నాలుగు టన్నుల సరకు పడుతుంది. రాళ్ల సుడులు అడ్డం వస్తే సరకంతా దింపి, ఒక్కొక్కటి తొంభై పౌన్ల పైచిలుకు మూట, నుదుటికి తోలుపట్టీ తగిలించి వీపు మీద మోసేవాళ్లు. ఒక మూట మోస్తే మగతనం కాదు, రెండు మోయాలి. పడవను దుంగల మీద గట్టున ఈడ్చి, సుడి దాటాక మళ్లీ నీళ్లలోకి తోసేవాళ్లు. ఈ పని చేసినవాళ్లు ఎక్కువమంది క్రీ జాతివారు, మేటీలు. మేటీలంటే ఫ్రెంచి, స్కాట్లండు తండ్రులకూ అక్కడి ఆదివాసి తల్లులకూ కలిగిన సంతతి. బళ్లు తోలేదీ మేటీలే. ఆ బండి తమాషా ఏమంటే అందులో ఇనుప మేకు ఒక్కటి వుండదు. అంతా కర్ర, పచ్చితోలు కట్లు. ఇరుసుకు కందెన వేయరు, వేస్తే దుమ్ము పట్టి అరిగిపోతుందని. అందుకే ఆ బళ్లు వస్తుంటే కీచుమని మైళ్ల దూరం వినబడేదిట. ఒక్కో బండికి ఎనిమిది తొమ్మిది వందల పౌన్ల బరువు.

కంపెనీకి ఈ ఏర్పాటు 1870 నాటికి భారంగా తోచింది. ఆ యేడే కంపెనీ భూభాగమంతా కెనడా ప్రభుత్వానికి వొప్పజెప్పటం జరిగింది. దక్షిణాన అమెరికా వైపు నుంచి రెడ్ నది మీద 1859 నుంచే స్టీమర్లు తిరుగుతున్నాయి. మనుషుల కూలి తగ్గించుకుందాం, సస్కాచెవాన్ మీద కూడా స్టీమరు వేద్దాం అనుకున్నారు. మొదటి ప్రయత్నం 1873లో. ఆ పడవ నదీముఖానికి కాస్త ఎగువన సుడిలో రాళ్లకు కొట్టుకుని పగిలిపోయింది. యంత్రాలు మాత్రం నీళ్లలోంచి బయటికి తీశారు. మరుసటి యేడు, 1874లో, ఆ యంత్రాలే పెట్టి ఇంకొక పడవ కట్టారు. అదే మన నార్త్‌కోట్.

ఆ పేరు సంగతి ఒక మాట. సర్ స్టాఫర్డ్ నార్త్‌కోట్ అనే దొర 1869 నుంచి 1874 దాకా కంపెనీకి గవర్నరు. ఆయన పేరే పడవకు పెట్టారు. అంతకు ముందు 1867, 68లలో ఆయన లండనులో ఇండియా వ్యవహారాల మంత్రి. అంటే మన గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా కాగితాలు కూడా ఆ దొర అధికారం కిందనే నడిచాయన్నమాట. ఆ రోజుల్లోనే ఎగువ గోదావరిలో స్టీమర్లు తిప్పాలని దుమ్ముగూడెం దగ్గర కాలువ, లాకులు కడుతున్నారు. రాళ్ల అడ్డంకులు లొంగక, ఖర్చు పెరిగి, 1871లో ఆ పని ఆపేశారు. సస్కాచెవాన్ మీద కంపెనీ వెనక్కు తగ్గలేదు.

ఇక పడవ ఎట్లా వుండేదో చెబుతాను. పొడవు 150 అడుగులు, వెడల్పు 28 అడుగుల చిల్లర. అడుగు భాగం తాంబాళంలాగా చదునుగా వుంటుంది. అంత పెద్ద పడవ ఖాళీగా వుంటే రెండడుగుల నీళ్లలో తేలిపోతుంది. అంత పలచగా కట్టిన పడవ ముందువైపు బాయిలరు బరువు, కొసన చక్రం బరువు మోయలేక రెండు చివర్లూ కిందికి వాలతాయి. వాలకుండా పడవ నడుమ స్తంభాలు నిలిపి, వాటి మీదుగా ఇనుప కడ్డీలు ఈ చివరినుంచి ఆ చివరికి బిగించి కట్టేవారు. సడలినప్పుడల్లా తిప్పి బిగించటమే. చక్రం వెనకవైపున ఒక్కటే. ఈ పక్కా ఆ పక్కా రెండు చక్రాలుంటే మేటలకు తగులుతాయి, ఇరుకు పాయల్లో పట్టవు. వెనక వుంటే పడవ నీడలో భద్రంగా వుంటుంది. చక్రానికి బిగించిన పలకలు కర్రవి. రాయి తగిలి విరిగితే వొడ్డున చెట్టు కొట్టి, చెక్కి, మళ్లీ బిగించుకోవచ్చు. వెయ్యి మైళ్ల నదిలో కమ్మరి కొలిమి దొరకని చోట్ల ఇది ఎంత లాభమో ఆలోచించండి. మనం రైతుకు పనిముట్టు ఇచ్చేటప్పుడు చూసేది కూడా ఇదే కదా, విరిగితే వూళ్లో బాగవుతుందా లేదా అని.

ఆవిరి కావాలంటే నిప్పు, నిప్పు కావాలంటే కట్టెలు. అక్కడ కట్టెలు కొలిచేది కార్డు లెక్కన. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్చితే ఒక కార్డు. ఆ తరహా పడవ ఎదురు ప్రవాహంలో రోజంతా నడిస్తే ఇరవై, పాతిక కార్డుల మాట. అన్ని కట్టెలు పడవలో పెట్టుకుంటే సరకుకు చోటేది? అందుకని నది పొడుగునా వొడ్డున కట్టెల కుప్పలు పేర్చి వుంచాలి. చలికాలంలో కొట్టి పేర్చేవాళ్లు క్రీలు, మేటీలు. పడవ వొడ్డుకు ఆనిందంటే కళాసీలంతా దిగి, పలక మీదుగా పరుగున కట్టెలు మోయటమే. రాత్రి లేదు పగలు లేదు. కుప్ప లేని చోట గొడ్డళ్లు తీసుకుని అడవిలో పడాలి. పచ్చికట్టె అయితే ఆవిరి పుట్టదు, పొగ పుడుతుంది. బాయిలరులో పోసేది నది నీళ్లే. ఆ నీళ్లలో వొండు. వొండు అడుగున పేరుకుంటే ఇనుము మాడిపోతుంది. కాబట్టి ఆవిరి దింపి, లోపలి బురద కడిగి మళ్లీ నిప్పు వెయ్యాలి.

ఇసుక మేటల మీద ఆ పడవలు నడిచే విద్య ఇంకా విచిత్రం. మన పడవవాళ్లు గెడ వేసి తోస్తారు. అంత పెద్ద స్టీమరును ఏ గెడ తోస్తుంది? దానికి పడవ ముందు భాగాన అటూ ఇటూ రెండు పెద్ద దూలాలు నిలబెట్టి వుంచేవారు. పడవ మేట ఎక్కితే ఆ రెండు దూలాలూ ఏటవాలుగా నది అడుగున ఇసుకలో గుచ్చుతారు. కప్పీలగుండా మోకులు తీసి, ఆవిరితో తిరిగే రాట్నానికి చుడతారు. రాట్నం తిరిగినకొద్దీ పడవ మూతి ఆ దూలాల మీద పైకి లేస్తుంది. అప్పుడు వెనక చక్రం పూర్తి బలంతో తిప్పితే పడవ ఒక గంతు ముందుకు వేసి కూలబడుతుంది. మళ్లీ దూలాలు పీకి ముందుకు గుచ్చాలి. మళ్లీ గంతు. మిడత ఎగిరినట్టుంటుందని అక్కడివాళ్లు ఆ పనికి మిడత పేరే పెట్టారు. వడి ఎక్కువ వున్న చోటయితే ఎగువన చెట్టుకు మోకు కట్టి, రాట్నంతో చుట్టుకుంటూ తనను తాను ఎగువకు లాక్కుంటుంది. ఇలాంటి నడకతో రోజుకు ఎన్ని మైళ్లు పోతుందనేది సరంగు చేతిలో లేదు, నది చేతిలో వుంది.

అయినా పని జరిగింది. 1874 వేసవి చివర పడవ మొదటిసారి ఫోర్ట్ కార్ల్‌టన్ కోఠీ దాకా పోయివచ్చింది. 1875 జూలైలో నీరు బాగా వున్న అదను చూసి ఎడ్మంటన్ దాకా వెళ్లింది. అంత ఎగువకు స్టీమరు రావటం అదే మొదలు. నదీముఖం నుంచి ఎడ్మంటన్‌కు సుమారు వెయ్యి మైళ్లు. వెళ్లేటప్పుడు పిండి, పందిమాంసం, తేయాకు, కంబళ్లు, ఇనుప సామాను. వచ్చేటప్పుడు తోళ్ల కట్టలు. వంద టన్నులకు పైబడి సరకు ఒక్క విడతలో కదిలింది. యార్క్ పడవల మీద వేసుకుంటే అది ముప్ఫై పడవల సరకు. ముప్ఫై పడవలకు మనుషులు రెండు వందల యాభై మందికి తగ్గరు. స్టీమరు మీద పనివాళ్లు ముప్ఫై మంది వుంటే ఎక్కువ.

ఈ లెక్కలో మిగిలిన రెండు వందల ఇరవై మంది ఏమయ్యారు? నేను ఈ కథ చెప్పటానికి కారణం ఈ ప్రశ్నే.

దీనికి జవాబు వూహించనక్కర్లేదు, ప్రభుత్వపు కాగితాల్లోనే వున్నది. 1875 సెప్టెంబరులో మానిటోబా లెఫ్టినెంటు గవర్నరు అలెగ్జాండర్ మోరిస్ విన్నిపెగ్ సరస్సు చుట్టూ వున్న జాతులతో భూముల ఒడంబడిక రాయించటానికి బయలుదేరాడు. ఆయన ఎక్కి వచ్చినది కూడా కంపెనీవారి కొత్త స్టీమరే, పేరు కోల్విల్. సరస్సు ఉత్తరపు కొసన నార్వే హౌస్ అనే కోఠీ వుంది. వెనకటి రోజుల్లో సముద్రపు రేవునుంచి వచ్చే యార్క్ పడవలన్నిటికీ అది కూడలి. అక్కడి క్రీలు మోరిస్‌తో ఒక మాట చెప్పుకున్నారు. కంపెనీ ఇప్పుడు సరకంతా దక్షిణం నుంచి స్టీమర్ల దారిన తెప్పించుకుంటున్నది, పాత దారి మూతపడింది, తెడ్డు వేసే మావాళ్లు సుమారు 200 మంది పని లేక కూర్చున్నారు, ఈ రాతి నేలలో ఏమీ పండదు, దక్షిణాన సేద్యానికి పనికివచ్చే భూమి చూపించండి, సేద్యం చేసుకు బతుకుతాం అన్నారు.

చూశారా? కూలి పోయిన పడవవాడు అడిగింది పరిహారం కాదు, పొలం. ఆ కోరిక ప్రకారం సరస్సు పడమటి పక్కన ఫిషర్ నది దగ్గర భూమి ఇవ్వటానికి ఒప్పుకున్నారు. 1877లో కొన్ని కుటుంబాలు అక్కడికి తరలిపోయాయి. ఆ వూరు ఇప్పటికీ వుంది.

కాని ఒడంబడికలో రాసినది చదివితే నాబోటి వ్యవసాయ శాఖవాడికి మనసు చివుక్కుమంటుంది. చుట్టుపక్కల కొన్ని ఒడంబడికల్లో అయిదుగురున్న కుటుంబానికి 640 ఎకరాల లెక్క వుంటే, ఇందులో 160 ఎకరాలే రాశారు. సేద్యం చేసే కుటుంబానికి పారలు, గొడ్డలి, కొడవలి ఇస్తామన్నారు. నాగలి మాత్రం పది కుటుంబాలకు ఒకటి. సోదరులారా, పది ఇళ్లకు ఒక నాగలి అంటే అర్థమేమిటో మీకు వేరే చెప్పాలా? మా మండలంలో గుంపు కింద ఒక్క విత్తనపు గొర్రు ఇస్తేనే అదనులో ఎవరి చేలో ముందు పెట్టాలని మూడు రోజులు పంచాయితీ నడిచింది. మనకు అదను పది, పదిహేను రోజులుంటుంది. అక్కడ వసంతం వచ్చి మంచు పోయి నేల ఆరాక, మళ్లీ శరత్తులో మంచు పడేలోపల విత్తి, పండించి, కోసుకోవాలి. పదో ఇంటికి నాగలి అందేసరికి ఆ విత్తనానికి పంటకాలం మిగలదు. మరుసటి యేడు 1876లో పడమటి క్రీలతో కార్ల్‌టన్ దగ్గర జరిగిన ఒడంబడికలో మూడు కుటుంబాలకు ఒక నాగలి రాశారు. గట్టిగా బేరమాడిన వాళ్లకు ఆ మాత్రం దక్కింది.

గ్రాండ్ రాపిడ్స్ సంగతీ చెప్పాలి. నది సరస్సులో పడే చోట కొన్ని మైళ్లపాటు రాళ్ల మీద వురికి దిగుతుంది. ఏ స్టీమరూ ఎక్కలేదు. సరస్సు మీది ఓడ కింద ఆగాలి, నార్త్‌కోట్ పైన ఆగాలి, నడుమ సరకు గట్టున మోయాలి. ఉత్తరపు వొడ్డున అక్కడి క్రీల ఇళ్లున్నాయి. ఆ వొడ్డు రేవుకూ దారికీ కావలసి వచ్చింది. అదే 1875 ఒడంబడికలో వాళ్లను దక్షిణపు వొడ్డుకు మారమని, ఇళ్లు మార్చుకునే ఖర్చుకు 500 డాలర్లు ఇస్తామని రాయించారు. 1877లో మూడున్నర మైళ్ల పొడవున పట్టాలు వేసి, గుర్రాలు లాగే బళ్ల మీద సరకు తరలించటం మొదలుపెట్టారు. పడమటి కెనడాలో మొదటి రైలుదారి ఇదేనని పేరు. అది వచ్చాక మూటలు మోసే పని కూడా తగ్గింది.

ఆ తర్వాత పది ఏళ్లలో నది మీద ఇంకా స్టీమర్లు వచ్చాయి. 1877లో లిల్లీ, 1882లో మార్క్విస్, నార్త్ వెస్ట్ అనేవి. బాగా నడిచిన రోజులు తక్కువే. కంబర్లండ్ హౌస్ దగ్గర 1870ల మొదట్లో నది పాత దారి వదిలి పక్కనున్న చిత్తడి నేలలోకి తిరగబడింది. ఒక్క లోతైన దారి పోయి, లెక్కలేని పలచటి పాయలు చీలాయి. ఎటు పోతే నీరుందో తెలియక స్టీమర్లు అక్కడ చాలా యాతన పడ్డాయి. లిల్లీ 1883లో దక్షిణపు పాయలో మునిగింది.

పై నుంచి ఇంకొక దెబ్బ. కెనడా పసిఫిక్ రైలుమార్గం మొదట ఉత్తరాన సస్కాచెవాన్ లోయ పక్కగా వేస్తామని సర్వే చేశారు. దాన్ని నమ్ముకుని జనం ఆ దారిన భూములు పట్టుకున్నారు. తీరా 1881, 82లకు దారిని వందల మైళ్లు దక్షిణానికి మార్చేశారు. 1883లో రైలు కాల్గరీ చేరింది. రైలొచ్చాక పడవకు మిగిలింది, రైలు లేని వూళ్లకు సరకు మోయటం.

ఈ నడుమ మైదానంలో అడవిదున్నలు అంతరించాయి. 1879 నాటికి కెనడా వైపు మందలు లేవు. వాటి మాంసం ఎండబెట్టి, కొవ్వు కలిపి తయారుచేసే తిండి మీదనే అదివరకు పడవవాళ్లూ బండివాళ్లూ బతికారు. వేట పోయింది, తెడ్డు పోయింది, బండి బాడుగ తగ్గుతున్నది. మేటీలకు కూడా దిక్కు ఒక్కటే కనబడింది. సేద్యం. దక్షిణపు పాయ వొడ్డున బటోష్ అనే వూరి చుట్టుపక్కల వాళ్లు 1870ల నుంచే కుదురుకున్నారు.

వాళ్ల పొలం కొలత వేరు. నదికి ముఖం పెట్టి, వెడల్పు కొద్దిగా, లోనికి రెండు మైళ్ల దాకా పొడుగు. ఇలా అయితే ప్రతి ఇంటికీ నీటిరేవు వుంటుంది, వొడ్డున కట్టె వుంటుంది, మధ్యలో సాగునేల, వెనక గడ్డిబీడు. ఇళ్లు వరసగా దగ్గర దగ్గరగా వుండి సాయం అందుతుంది. ప్రభుత్వ సర్వేవారి కొలత చదరాలు. మైలుకు మైలు చదరం, దాంట్లో నాలుగోవంతు 160 ఎకరాలు ఒక రైతుకు. కాగితం మీద అందంగా వుంటుంది. నది వంకర తిరిగిన చోట అది ఒకరి ఇంటిని ఇంకొకరి చదరంలో పడేస్తుంది. కొంతమేర నది పట్టీలుగానే కొలిచారు గాని, మిగతా చోట్ల ముందే కాపురమున్న పొలాల మీద చదరాలు గీశారు. పట్టాలివ్వండి, మా కొలత మాకు వుంచండి అని మేటీలు అర్జీ మీద అర్జీ పెట్టారు. జవాబు రాలేదు, వచ్చినా తేలలేదు. 1884లో లూయీ రియెల్ అనే నాయకుణ్ణి మోంటానా నుంచి పిలిపించుకున్నారు. 1885 మార్చిలో సొంత ప్రభుత్వం ప్రకటించారు. ఆ నెలాఖరుకు తుపాకులు పేలాయి.

అప్పుడు నార్త్‌కోట్‌కు కొత్త ఉద్యోగం వచ్చింది. సేనాపతి మిడిల్టన్ రైలు మీద సైన్యం తెచ్చి, సామాను, కొందరు సైనికులను ఈ స్టీమరు మీద దక్షిణపు పాయలో దిగువకు పంపాడు. నాలుగు రోజుల ప్రయాణమనుకున్నారు. ఏప్రిల్ చివర, నీరు రాని కాలం. మేట మీద మేట. సుమారు రెండు వారాలు పట్టింది. మిడతలా ఎగిరి ఎగిరి మే నెల మొదట్లో చేరింది.

మేటీల దళాలకు నాయకుడు గాబ్రియెల్ డ్యూమాన్. మంచి వేటగాడు, పైగా బటోష్‌కు ఎగువన సొంత బల్లకట్టు నడిపి బతికినవాడు. సైన్యం ఆయన కట్టడాలు విప్పి, ఆ పలకలే స్టీమరు చుట్టూ గోడగా కొట్టింది. ఆయన దుకాణంలోని బిలియర్డు బల్ల కూడా అడ్డం పెట్టారని చెబుతారు. మే 9వ తేదీ పొద్దున స్టీమరు నది మీదుగా, సైన్యం నేల మీదుగా ఒకేసారి బటోష్‌ను పట్టాలని ఉపాయం. స్టీమరు వడిలో ముందే వచ్చేసింది. రెండు గట్ల మీదినుంచి తుపాకులు పేలాయి. బటోష్ రేవులో బల్లకట్టు తిరిగే ఇనుప మోకు నదికి అడ్డంగా వేలాడుతూ వున్నది. దాన్ని కిందికి వదిలారు. పడవను పూర్తిగా పట్టేద్దామని వాళ్ల ఎత్తు. పడవ ఒక క్షణం ముందు దాటింది. మోకు పైభాగానికి తగిలి పొగగొట్టాలను ఎగరగొట్టింది. పొగగొట్టం లేని బాయిలరుకు గాలి లాగదు, ఆవిరి పుట్టదు. స్టీమరు ప్రవాహంలో కొట్టుకుని మైళ్ల దూరం దిగువకు పోయింది. అందులో పనిచేసేవాళ్లు కూలికి వచ్చిన మనుషులు, సైనికులు కారు. మళ్లీ ఎదురెక్కి రమ్మంటే మాకక్కర్లేదన్నారు. బటోష్ యుద్ధం నాలుగు రోజులు జరిగి మే 12న ముగిసింది. ఆ నాలుగు రోజుల్లో నార్త్‌కోట్ మరి పాలు పంచుకోలేదు.

బల్లకట్టు మోకుతో స్టీమరును కొట్టారని చదివి నవ్వుకునేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ గట్టు మీద నిలబడ్డవాళ్లు పదేళ్లుగా ఆ నదిలో స్టీమర్లు తిరగటం చూసినవాళ్లు. వాటికి కట్టెలు కొట్టినవాళ్లూ, వాటి మూలాన బళ్ల బాడుగ పోయినవాళ్లూ వాళ్లలోనే వుంటారు. ఆ మోకు ఎంత ఎత్తున వేలాడుతుందో, నది అక్కడ ఎంత వడో, పడవ పొగగొట్టం ఎంత పొడుగో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను. రియెల్‌ను 1885 నవంబరు 16న రెజైనాలో వురి తీశారు. డ్యూమాన్ సరిహద్దు దాటి తప్పించుకున్నాడు. బటోష్ ప్రాంతంలో ఇళ్లు కాలిపోయాయి, చాలా కుటుంబాలు తరలిపోయాయి. మార్క్విస్ స్టీమరు 1886లో రాళ్లకు తగిలి పోయింది. నార్త్‌కోట్‌ను అదే యేడు కంబర్లండ్ హౌస్ దగ్గర గట్టుకు లాగి వదిలేశారు. నార్త్ వెస్ట్ ఒకటి మిగిలి, 1899 వరదలో ఎడ్మంటన్ రేవునుంచి తెగి కొట్టుకుపోయి, వంతెన కోసం కడుతున్న దిమ్మెలకు తగిలి ముక్కలైంది.

నది మీద సరకు నడవటం ఆగింది గాని, దాని నీటితో పని ఆగలేదు. 1963లో కంబర్లండ్ హౌస్‌కు ఎగువన విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టారు. గ్రాండ్ రాపిడ్స్ సుడుల దగ్గర కూడా ఆ దశాబ్దంలోనే ఇంకొకటి లేచింది. అప్పటినుంచి కంబర్లండ్ హౌస్ దగ్గర నది కరెంటు అవసరాన్నిబట్టి ఎక్కుతుంది, దిగుతుంది. చేపలు పట్టేవాళ్లూ, చిత్తడిలో వుచ్చులు పెట్టి బతికేవాళ్లూ నష్టపోయి, చాలా ఏళ్లు కొట్లాడి, 1989లో పరిష్కారపు ఒడంబడిక చేసుకున్నారు. ఆ వూళ్లో ఇప్పుడు వుండేది ఎక్కువమంది క్రీలు, మేటీలే. స్టీమరు బాయిలరు వాళ్ల వూరి పార్కులో వున్నది.